స్తంభమ్మ సంతకం

పద్దెనిమిదేళ్లుగా ఆమె ఆ స్తంభం పక్కనే బతికింది గానీ, ఒక్కనాడు కూడా దాని మీద చెయ్యి వేయలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. సర్వే ఆఫీసు వెనక పెరట్లో మనిషెత్తున సిమెంటు స్తంభం. దాని నెత్తిన పళ్లెమంత యాంటెన్నా. దానికి ఎండా వానా తగలకుండా, గిన్నె బోర్లించినట్టు ఒక మూత. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలను రేయింబవళ్లు అందుకుని, తాను నిలబడ్డ చోటు మిల్లీమీటర్లతో సహా చెప్పడం దాని పని. రోజుకో లెక్క, లెక్కకో చుక్క. ఇలాంటి స్తంభాలు దేశదేశాల్లో వందలున్నాయి. భూమి ఎటు జరుగుతోందో, ఏ నేల కుంగుతోందో ఆ చుక్కల వరసలు చూసే చెబుతారు.

ఆమె ఆ ఆఫీసులో అటెండరు. అసలు పేరేదో హాజరుపట్టీలో ఉంది, అక్కడే ఉండనివ్వండి. స్తంభం చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీసి, దాటినవాడికల్లా తలంటేది కాబట్టి ఆఫీసంతా స్తంభమ్మ అని పిలిచేవారు. మొదట్లో వెటకారానికే పిలిచారు. ఆమె మాత్రం పిలిచిన ప్రతిసారీ దర్జాగా పలికింది. ఇంకేం ఏడిపిస్తారు, పాపం, వాళ్లకే విసుగొచ్చింది.

ఏడో తరగతితో చదువాపేసి, ముప్ఫై అయిదేళ్ల దాకా ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికిన మనిషి. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, ఆ స్తంభం కట్టించిన ముసలి సర్వేయరు ఆమెను పెరట్లోకి తీసుకెళ్లి ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. "చూడమ్మా, దీన్ని చూసుకోవడమంటే తుడవడం కాదు, ముట్టుకోకపోవడం. చుట్టుపక్కల ఏది మారినా రాయి. కొమ్మ నరికినా రాయి, కాకి గూడు పెట్టినా రాయి. ఎవరైనా చెయ్యి వేస్తే మాత్రం నువ్వు రాయకు, వాళ్ల చేత్తోనే రాయించు. మనం రాయకపోయినా చుక్క చెప్పేస్తుంది. ఎందుకు జరిగిందో మాత్రం చెప్పలేదు, అది మనమే చెప్పాలి," అన్నాడు. ఆయన రిటైరై వెళ్లిపోయాడు. ఆ మాట ఆమె దగ్గర ఉండిపోయింది.

అప్పటినుంచీ ఎనిమిది పుస్తకాలు నిండి, తొమ్మిదోది నడుస్తోంది. ఒకసారి పద్దుల గుమాస్తా తడిసిన గొడుగు తెచ్చి స్తంభానికి తగిలించాడు. ఆమె అరవలేదు, కరవలేదు. పుస్తకం పట్టుకుని అతని బల్ల ముందు నిలబడింది. "ఏంటమ్మా నీ గోల, గొడుగే కదా!" అన్నాడతను. "గొడుగే కదా, మరి రాయడానికి నొప్పేంటి?" అంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా నిలబడితే, తలప్రాణం తోకకొచ్చి, "పది నిమిషాలు గొడుగు తగిలించాను" అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత అతను ఎండాకాలంలో కూడా పెరటివైపు రాలేదు.

ఇలా ఉండగా, స్తంభాల వాళ్లందరి అంతర్జాతీయ వర్క్‌షాపు ఈసారి తమ ఊళ్లో జరపాలని డైరెక్టరు గారు పట్టుబట్టి సాధించారు. బస్సు గ్యారేజీలో మెకానిక్కుగా చేసి మోకాలు పోగొట్టుకున్న ఆమె మొగుడు, "వర్క్‌షాపంటే స్పానర్లుంటాయి గానీ ఈ కోట్లూ బూట్లూ ఏంటే?" అని నవ్వాడు. ముప్ఫై దేశాల నుంచి శాస్త్రవేత్తలు వస్తున్నారు. వాళ్లకు పంచే పుస్తకానికి అట్ట మీద బొమ్మ కావాలి. బొమ్మ అంటే స్తంభమే. అయితే దాని మూత ఎండకు ఎండి పచ్చబారిపోయింది. అలాంటి మూత అట్ట మీద కనబడితే పరువు పోదూ? డైరెక్టరు గారు కొత్త తెల్లటి మూత తెప్పించి, ఇంజనీరును నిచ్చెనెక్కించి, పాతది తీయించి కొత్తది బిగించేశారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఆమె పుస్తకం తెచ్చింది. "సార్, ఇక్కడ రాయండి."

"మూతే కదమ్మా మార్చింది, లోపలిది కాదుగా. తర్వాత రాస్తాలే. ఆ పాతది అవతల పారేయించు," అన్నారాయన, ఫొటో చూసుకుంటూ.

ఆయన రాయకపోయేసరికి ఆమే తారీఖు వేసి, మూత మార్చారని రాసి, సంతకం చోటు ఖాళీగా వదిలింది. పాత మూతను గుడ్డలో చుట్టి సామాన్ల గదిలో పై అరలో పెట్టింది. రెండు నెలలు గడిచాయి గానీ, ఆయన అన్న ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

వర్క్‌షాపుకు వారం ఉందనగా, స్తంభాలన్నిటి లెక్కలూ చూసే అంతర్జాతీయ కమిటీ వాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. మీ స్తంభం ఫలానా తారీఖున ఉన్నట్టుండి తొమ్మిది మిల్లీమీటర్లు పైకి లేచింది, కారణం చెప్పండి, చెప్పలేకపోతే ఆధార కేంద్రాల జాబితాలోంచి తీసేస్తాం అని దాని సారాంశం. తొమ్మిది మిల్లీమీటర్లంటే చిటికెన వేలి మందం కూడా కాదు. కానీ పక్క దేశాల స్తంభాలు కూడా దీన్ని చూసే తమ లెక్క సరిచూసుకుంటాయి. ఆతిథ్యమిచ్చేవాడి స్తంభమే జాబితాలోంచి పోతే ఇంకేముంది! ఫొటో కోసం మూత మార్పించానని ముప్ఫై దేశాల ముందు చెప్పుకోవడమా? డైరెక్టరు గారు బాగా ఆలోచించి ఒక కాగితం టైపు చేయించి ఆమెను పిలిచారు.

ఆమె నిలబడే చదివింది. శుభ్రం చేసేటప్పుడు పొరపాటున తన నిచ్చెన యాంటెన్నాకు తగిలిందని, భయపడి ఎవరికీ చెప్పలేదని, తన పేరుతో ఉంది. కింద సంతకానికి గీత గీసి ఉంది.

"నేను నిచ్చెనెక్కలేదు సార్."

"తెలుసమ్మా. ఇది ఉత్త కాగితం. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. రికార్డు గదిలోకి మారుస్తా, హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చు. స్తంభం సంగతి ఇంకొకరు చూసుకుంటారు."

"మూత మార్చారని మీరే రాయొచ్చుగా సార్?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? రెండో రోజు సభలో నేను జవాబు చెప్పాలి. ఈలోగా సంతకం పెడితే మర్యాదగా ఉంటుంది. పెట్టకపోయినా నేను చెప్పేది అదే. అప్పుడు రికార్డు గది కూడా ఉండదు, ఏటేటా నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేది నేనేనని మర్చిపోకు."

పక్కనే ఇంజనీరు ఉన్నాడు, నిచ్చెనెక్కి మూత మార్చినవాడు. మంచివాడే, ఆమెను అక్కా అక్కా అని పిలుస్తాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టుంది అతని పరిస్థితి. గోడ మీది క్యాలెండరులో ఏం కనబడిందో గానీ తల అటే తిప్పుకున్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెబితే మొగుడు బెంబేలెత్తిపోయాడు. "నాలుగేళ్లు ఓపిక పడితే రిటైరవుతావు. పెద్దవాళ్లతో మనకెందుకే? గీకి పారెయ్ సంతకం. నువ్వు ముట్టుకోలేదని నాకు తెలుసు, నీకు తెలుసు, చాలదా?"

"చాలదు," అంది ఆమె.

మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్తగారికి ఎనభై దాటాయి. ముప్ఫై ఏళ్లుగా కోడలు పెట్టిన ఏ కూరలోనూ ఉప్పు సరిపోయిందని ఆవిడ అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి తలెత్తి కొడుకును ఎగాదిగా చూసింది. "ఒరేయ్, నీ పెళ్లాం వంట ఎలా ఉంటుందో లోకానికి తెలుసు. కానీ ఆ స్తంభం దగ్గర దానికి వంక పెట్టినవాడు లేడు. ఉన్న ఒక్క మంచిపేరూ ఊడగొట్టుకోమంటావా? ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. ఆయన తప్పు ఆయన్నే మోసుకోమను!"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వంకన వంటను కూడా తిట్టిపోసిందని తర్వాత గుర్తొచ్చింది గానీ, ఆ పూటకు క్షమించేసింది.

రెండో రోజు సభలో ఆమెకు హాలు వెనకవరసల్లో నీళ్ల సీసాలు అందించే పని వేశారు. సంతకం పెట్టలేదు. చేతిసంచిలో తొమ్మిదో పుస్తకం పెట్టుకుని వచ్చింది. తెర మీద పెద్ద బొమ్మ పడింది. చీమల బారులా నల్ల చుక్కలు, ఒకచోట బారు తెగి పైకి లేచింది. డైరెక్టరు గారు వాళ్ల భాషలో ఏదో చెబుతూ, జాలిగా నవ్వి, ఆమెవైపు చెయ్యి చూపించారు. హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. భాష రాకపోయినా అన్ని కళ్లు ఒక్కసారిగా మీద పడితే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆమె పక్కవరసలో ఉన్న ఇంజనీరును అడిగింది. "ఏమన్నారు?"

అతను తల దించుకున్నాడు. "నీ నిచ్చెన తగిలిందని... ఒప్పుకున్నావని..."

ఒప్పుకుందట! ఒళ్లు భగ్గుమంది. నీళ్ల సీసాలు కుర్చీ మీద పెట్టి, ఇంజనీరు మోచెయ్యి పట్టుకుని, "పద, నేను చెప్పేది వాళ్లకు చెప్పు," అంటూ నడవలోంచి ముందుకు లాక్కుపోయింది. "కూర్చోమ్మా, ఇది సభ!" అన్నారు డైరెక్టరు గారు. వేదిక మీద ఉన్న నెరిసిన జుట్టు శాస్త్రవేత్తే ఆ పూట సభకు పెద్ద. ఆవిడ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది.

ఆమె పుస్తకం తెరిచి పట్టుకుంది. "పద్దెనిమిదేళ్లలో దాన్ని నేను ముట్టుకోలేదు. ఆ తారీఖున మూత మార్చారు, ఇదిగో రాశాను. మార్పించింది ఆయన. నిచ్చెనెక్కింది ఈయన. సంతకం పెట్టమంటే పెట్టలేదు, అందుకే ఈ చోటు ఖాళీగా ఉంది."

ఇంజనీరు ఒక్కో మాటే వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. నిచ్చెన మాట దగ్గరికి వచ్చేసరికి ఒకసారి డైరెక్టరు గారి వైపు చూశాడు. చివరికి అరచెయ్యి తన గుండెల మీద పెట్టుకుని రెండు మాటలు చెప్పాడు. ఆ మాటలేమిటో ఆమెకు తెలియలేదు, చెయ్యి ఎక్కడ పెట్టాడో చూసింది. ఆ క్షణాన అతన్ని సొంత తమ్ముడిలా చూసుకోవాలనిపించింది.

డైరెక్టరు గారు ముఖం ఎర్రబడి, మూత మారితే ఇంత తేడా రాదని, అది అటెండరు కట్టుకథ అని వాదించారు. నెరిసిన జుట్టావిడ తెరవైపు వేలు చూపించి, నిచ్చెన తగిలితే పక్కకు కూడా జరగాలి, ఇది ఉత్త పైకే లేచిందేం అని అడిగింది. అయినా ఆయన ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

"ఇంత గొడవెందుకు?" అంది స్తంభమ్మ. "పాత మూత నేను పారెయ్యలేదు. పెట్టి చూడండి. మీరింకా మూడు రోజులుంటారుగా. చుక్కలు కిందికి దిగకపోతే ఆ కాగితం మీద సంతకమేం ఖర్మ, పది వేళ్ల ముద్రలూ వేసి ఇంటికి పోతా."

ఇంజనీరు ఆ మాట వాళ్ల భాషలో చెప్పగానే హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఎండ తగ్గకముందే శాస్త్రవేత్తలందరూ పెరట్లోకి వచ్చారు. ఆమె అందర్నీ సున్నపు గీతకు ఇవతలే నిలబెట్టింది. నెరిసిన జుట్టావిడ బూటు కొస గీత మీద పడితే, "అమ్మా, కొంచెం వెనక్కి," అంది. ఇంజనీరు నిచ్చెనెక్కి పాత మూత బిగించి, దిగి, ఎవరూ అడగకముందే పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. నిజం చెప్పాలంటే భయం పట్టుకుంది. తను ముట్టుకోలేదన్నంత వరకే తనకు తెలుసు. మూత వల్లే చుక్క లేచిందని తనకెవరు చెప్పారు? ఏడో తరగతి చదువుతో ముప్ఫై దేశాల ముందు పందెం కాసేసింది. వేరే కారణమేదైనా ఉంటే? మొగుడు ఏమీ అనలేదు గానీ, ఎన్నడూ లేనిది ఆమె చెప్పులు తుడిచి పెట్టాడు. ఆ జాలి చూసి ఇంకా భయమేసింది.

సభల అయిదో రోజు మధ్యాహ్నం ఇంజనీరు మెట్లన్నీ దూకుతూ వచ్చాడు. "దిగాయక్కా! రెండు చుక్కలూ పాత వరసలోకి దిగిపోయాయి! సంకేతాలు మూతలోంచే రావాలిగా, అది మారేసరికి ఎత్తు లెక్క తప్పిందట!" ఆమె గోడకానుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కళ్లనీళ్లు వాటంతటవే కారాయి, ఆమె తుడుచుకోను కూడా లేదు.

డైరెక్టరు గారు ఆమెను గదిలోకి పిలిచి, చాలా మెత్తగా, "సరేలేమ్మా, అంతా సర్దుకుంది. స్తంభం జాబితాలోనే ఉంది. ఇక వదిలేద్దాం," అన్నారు.

"వదిలేద్దాం సార్. ఈ ఖాళీ నింపండి," అని పుస్తకం ముందు పెట్టింది.

ఆయన పళ్లు బిగించి, "మూత మారింది" అని రాశారు. ఆమె కదల్లేదు. గొడుగు గుమాస్తాకు తెలిసిన సంగతి ఆయనకు తెలియదు, ఈవిడకు కాళ్లు నొప్పి పుట్టవని. గోడ గడియారంలో పావుగంట గడిచింది. బయట విదేశీ అతిథులు ఆయన కోసం కార్లో ఎదురు చూస్తున్నారు. ఆయన కలం మళ్లీ తీసుకుని, "ఫొటో కోసం నేనే మార్పించాను" అని రాసి సంతకం గీకారు.

అతిథులు వెళ్లిపోయిన మూడో రోజున ఆమెకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా అంతర్జాతీయ సభలో మాట్లాడినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. ఇంజనీరు చదివి కంగారుపడ్డాడు. "అక్కా, క్షమాపణ రాసేద్దాం. నేను మంచి భాషలో రాసిస్తా."

"నువ్వొద్దులే, నాకు రాయడం వచ్చు," అంది.

తెల్ల కాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో ఒక్కటంటే ఒక్క వాక్యం రాసింది.

"అనుమతి ఉన్నవాళ్లెవరూ నిజం మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడాను."

రెండుసార్లు చదువుకుంది. తప్పులేమీ లేవు. కింద తారీఖు వేసి, సంతకం పెట్టింది.