బస్సు తిరిగే జాగా

సిటీ బస్సుల ఆఫీసులో ఆమెను అందరూ రూట్లమ్మ అనేవారు. ఏ బస్సు ఏ వీధిలోంచి పోవాలో, ఎక్కడ ఆగాలో గీసిపెట్టడం ఆమె ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో చేరింది. జుట్టు నెరిసేదాకా అదే బల్ల, అదే కిటికీ. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు.

ఆ సంవత్సరం బస్సుల ప్రాజెక్టుకు వచ్చిన గ్రాంటులో కొంత మిగిలింది. స్టాపుల కాంట్రాక్టు అనుకున్నదానికంటే చౌకగా కుదిరింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఆ సొమ్ముకు ఒక పని చూపించకపోతే వెనక్కి పోతుంది.

"పోతే పోనివ్వండమ్మా. మిగిల్చామని మనకే మంచిపేరు" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు.

ఆమెకు మింగుడుపడలేదు. ఊరి చివర కొండ మీద కాలనీ ఉంది. రోడ్డుంది, జనం ఉన్నారు, బస్సు మాత్రం లేదు. ఎందుకంటే పైకెళ్లిన బస్సు వెనక్కి తిరగడానికి జాగా లేదు. ఆసుపత్రిలో ఊడ్చి తుడిచి వచ్చే ఆడవాళ్లు కూడా కిందే దిగి, ఆయాసపడుతూ ఆ ఎత్తంతా ఎక్కాల్సిందే. మిగిలిన సొమ్ముతో పైన బస్సు తిరిగే జాగా అద్దెకు తీసుకుందామని రూట్లమ్మ డైరెక్టరు వెంటపడి ఒప్పించింది. పైన ఖాళీ స్థలం ఉన్న ఒకాయన అద్దెకిస్తానన్నాడు. అంతా సిద్ధం.

గడువు చివరి రోజు పొద్దున ఆయన ఫోన్ చేశాడు. "ఏమనుకోకండి మేడం, ఆ స్థలం అమ్మేస్తున్నా."

బస్సు తిరగగలిగే చోటు పైన ఇంకొక్కటే ఉంది, మెకానిక్ షెడ్డు పక్కన తుక్కు బళ్లు పడేసిన స్థలం. ఆ షెడ్డు ఆమె బావగారిది. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపారు. పొరపొచ్చాలొచ్చి విడిపోయాక, ఆమె భర్త అన్నగారి పేరెత్తితేనే ఇంట్లో కంచం పక్కకు నెట్టేసేవాడు.

ఆమె ముందు డైరెక్టరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. "సార్, అది మావాళ్ల స్థలం. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు."

"చుట్టరికం సంగతి ముందే రాసిచ్చెయ్. అద్దె సర్కారు రేటుకి పైసా దాటకూడదు. ఎవరడిగినా నేనున్నాను" అన్నాడాయన. ఆమె రాసిచ్చి, ఆటో ఎక్కింది.

బావగారు ఒక కారు కింద పడుకుని ఉన్నారు. ఆమె గొంతు విని కూడా బయటికి రాలేదు.

"ఆఫీసు తరఫున వచ్చావా, తమ్ముడి తరఫున వచ్చావా?"

"ఆయనకు తెలియదు బావగారూ. బస్సు కోసం వచ్చాను."

"విడిపోయేటప్పుడు ఈ షెడ్డు కోసం కొట్టుకు చచ్చాడుగా! ఇప్పుడు పెళ్లాన్ని పంపి జాగా అడిగిస్తున్నాడా? ఇవ్వను. వెళ్లు."

ఆమె కదల్లేదు. ఎండ నెత్తిన పడుతోంది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా సంతకం కావాలి. అప్పుడు షెడ్డు వెనక ఇంట్లోంచి తోడికోడలు వచ్చింది. మోకాలికి పట్టీ, చేతిలో మంచినీళ్ల చెంబు.

"ఎవరి జాగా ఎవరు ఇవ్వనంటున్నారు? అది నా పేరున ఉంది" అంది మొగుడితో.

"నువ్వూరుకోవే!"

"ఊరుకునే ఈ మోకాళ్లు అరగదీసుకున్నాను. డాక్టరు దగ్గరికెళ్లి రావాలంటే ఈ కొండ దిగి ఎక్కేది నువ్వా, నేనా?" అని రూట్లమ్మ వైపు తిరిగింది. "అద్దె సరిగ్గా ఇస్తారా?"

"ఇస్తారక్కా. సర్కారు రేటే. ఎక్కువ రాదు."

"మాట తప్పరు కదా? ఎక్కడ పెట్టాలి సంతకం?"

కారు కింద పానా ఒకటి ఠంగున పడింది.

ఆమె తిరిగొచ్చేసరికి అకౌంట్స్ ఆఫీసరు సంచి సర్దుకుంటున్నాడు. కాగితం చూసి కళ్లజోడు పైకి నెట్టాడు. "మీ తోడికోడలి స్థలమా? ఈ ప్రతిపాదన నేను పైకి పంపను."

"రాసిచ్చాను సార్. డైరెక్టరుగారు సంతకం పెట్టారు."

"పెడతారు. ఆయన రిటైరయ్యాక సమాధానం చెప్పేది నేను."

"మీరు కాదు, నేను చెబుతాను. పంపండి" అంది. బల్ల దగ్గర్నుంచి జరగలేదు. ఆయన సంచి కింద పెట్టి, కంప్యూటరు మళ్లీ వేశాడు. గ్రాంటు వెబ్‌సైటు తెరుచుకోవడానికి మొరాయిస్తుంటే ఇద్దరూ దాని ముందే నిలబడ్డారు. చివరికి ప్రతిపాదన అందినట్టు తెర మీద కనబడింది. ఆమె అక్కడే కుర్చీలో కూలబడింది.

ఆయన భయపడ్డట్టే జరిగింది. డైరెక్టరు రిటైరయ్యాడు, ఎవరో ఫిర్యాదు పెట్టారు, విచారణ వచ్చింది. ఆమెను పాసులిచ్చే కౌంటరుకు మార్చారు. ఇంట్లో భర్త చాన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. "ఆ గుమ్మం తొక్కేముందు నాతో ఒక్క మాటనాల్సింది" అన్నాడు. అది తప్పేనని ఆమె ఒప్పుకుంది. విచారణలో ఏ తప్పూ తేలలేదు. అయినా పాత బల్ల తిరిగి ఇవ్వలేదు.

బస్సు మొదలైన కొన్నాళ్లకు ఒక సెలవు రోజున ఆమె అందులో పైదాకా వెళ్లింది. తోడికోడలు స్టాపులో నిలబడి ఉంది. ఎక్కి, పక్కన కూర్చుంటూనే అంది:

"ఈ నెల అద్దె ఇంకా పడలేదే."

"ఆ సెక్షన్ ఇప్పుడు నాది కాదక్కా."

"అయితే ఎవరిదో కనుక్కో."

రూట్లమ్మకు నవ్వాగలేదు. "కనుక్కుంటాలే" అంది. బస్సు కొండ దిగసాగింది.