బట్టి తిన్న వాటా

ఒక మనిషిని దొంగను చేశాను. ఆ బరువు లోపల పెట్టుకునే ఇన్నేళ్లూ మూఢనమ్మకాల మీద సభల్లో నిప్పులు చెరిగాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇది చదివే నీకు చెబుతున్నాను.

నిజాం పాలన రోజులవి. పట్నంలో రసాయనశాస్త్రం చదివి ఇబ్రహీంపట్నం తిరిగొచ్చాను. మా దొర మేడ కడుతున్నాడు. సున్నం కాల్చే పని మల్లయ్యది. దొర నూరు మణుగుల సున్నపురాయి తూచి ఇచ్చాడు. కాలాక సున్నం తూస్తే యాభై మణుగుల పైన కొంచెం తేలింది. మిగతాది ఏమైందని దొర ఉండే గడీలో పంచాయితీ. బట్టి ముట్టించే ముందు కోడిని కోసి, అమ్మవారి వాటా అమ్మవారిదే అని మొక్కడం వాళ్ల ఆచారం. మల్లయ్య అదే చెప్పాడు.

"మైసమ్మ వాటా పోయింది దొరా. మా తాతల కాలంకెల్లి గింతే వస్తది."

"మైసమ్మ గూడ మేడ కడ్తున్నదా మల్లయ్యా?" అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

"సదువుకున్నోనివి బిడ్డా. జర నువ్వే లెక్క జేసి చెప్పు. నేను దొంగనా?"

చేశాను. ఒక మోల్ రాయి కాలితే ఒక మోల్ సున్నం వస్తుంది. ఒకటికి ఒకటి. కాబట్టి నూటికి నూరు మణుగులు రావాలన్నాను.

"ఇన్నవా? లెక్కనే చెప్తున్నది," అన్నాడు దొర. బండి, ఎడ్లు గుంజుకున్నాడు. మల్లయ్య పెళ్లాం పిల్లలతో హయత్‌నగర్ వైపు నడిచి పోయాడు. మళ్లీ ఊళ్లో అడుగు పెట్టలేదు.

కొన్నాళ్లకు ఈ బట్టి కథనే ఉపన్యాసంలో చెబుదామని సమీకరణం పూర్తిగా రాశాను. చెయ్యి ఆగిపోయింది. మోల్ అంటే కణాల లెక్క, బరువు కాదు. డజను గుమ్మడికాయలూ డజను నిమ్మకాయలూ లెక్కకు ఒకటే, తూస్తే ఒకటవుతాయా? మోల్ రాయి నూరు గ్రాములు. మోల్ సున్నం యాభై ఆరు. మిగతా నలభై నాలుగు గ్రాములు వాయువై పోతాయి. మోల్‌లను బరువులోకి మార్చడం నాకు రాక కాదు. దేవతను ఓడించే తొందరలో ఆ ఒక్క మెట్టు దాటేశాను.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? మల్లయ్యను వెతకడానికి ఎంత దూరమని? చెబితే నా ప్రత్యర్థులు మైసమ్మ గెలిచిందని ఊరేగుతారని భయపడ్డాను. హేతువాదం పరువు కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కాపాడుకున్నది నా పరువు. ఆ ఉపన్యాసంలో బట్టి బదులు భూతవైద్యుడి కథ చెప్పాను. బాగా పండింది.

ఇది చదివి ఎగతాళి చేసేవాళ్లు చేయండి. మీ ముందు తల వంచను. మైసమ్మ ఏమీ తీసుకోలేదు, ఆ బరువు వాయువై గాలిలో కలిసింది. శాస్త్రం తప్పలేదు. శాస్త్రం పేరు చెప్పి నేను తప్పాను. తల వంచాల్సింది మల్లయ్య ముందు. ఆయన ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. క్షమించమని అడిగే హక్కు నాకెక్కడిది?

మల్లయ్య దొంగ కాదు. గడీలో అందరి ముందు అనాల్సిన మాట ఇది. ఇక్కడ, కాగితం మీద అంటున్నాను. చాలదని తెలుసు. అయినా అన్నాను.