కరెంటు ఉండగానే సాంచెలు ఆగాయి

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో, మా గల్లీలో, ఒక మధ్యాహ్నం కరెంటు ఉండగానే మా ఇంట్లో సాంచెలు ఆగిపోయాయి. నాలుగూ ఒకేసారి!

పవర్‌లూమ్‌ను మేం సాంచె అంటాం. ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే తిని, పడుకున్నవాళ్లం. మా గల్లీలో గుసగుసలుండవు... రహస్యమైనా సరే అరిచి చెప్పాల్సిందే. అట్లాంటి చోట పట్టపగలు చప్పుడు ఆగిందంటే కరెంటన్నా పోయి ఉండాలి, ఇంట్లో ఎవరన్నా చనిపోయి ఉండాలి.

కరెంటేమో ఉంది. దాంతో ఎదురింటి నర్సయ్య మామ లుంగీ సర్దుకుంటూ ఉరికొచ్చాడు. ఆయన వెనక నలుగురు ఆడవాళ్లు, ఏడవడానికి సిద్ధంగా.

"ఏమైంది బావా? ఎవలు పోయిండ్రు?" అని గుమ్మంలోంచే అరిచాడు మామ.

మా బాపు రెండు చేతులూ ఊపాడు. "ఎవలు పోలేదు. మెల్లగ మాట్లాడు. పక్కింట్ల పసిపిలగాడు పండుకున్నడు."

పక్కింటి లచ్చవ్వ కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి బాబును కన్నది. మామూలుగా మా గల్లీ పిల్లలకు సాంచెల చప్పుడే జోలపాట. కానీ వీడికి జ్వరం... రెండు రోజులుగా కన్ను మూయలేదట. మా ఇంటికీ వాళ్లింటికీ ఒకటే గోడ. ఆ పిల్ల బాబును భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరగడం మా అమ్మ చూసింది. వచ్చి బాపుకు చెప్పింది. ఆయన లేచి స్విచ్‌లు కట్టేశాడు... గుడ్డ సగంలో ఉండగానే.

వాళ్లు అడగలేదు. పని ఆపమని ఎవరు మాత్రం ఎట్లా అడుగుతారు?

నర్సయ్య మామ వెనక్కి వెళ్లిపోయాడు. కొంతసేపటికి ఆయన సాంచెలూ ఆగాయి. బాబుకు జ్వరం తగ్గేదాకా మూడు నాలుగు రోజులు, మధ్యాహ్నం పూట అట్లా ఆపారు. మా గల్లీలో పిచ్చుకలు కూడా ఉన్నాయని నాకప్పుడే తెలిసింది. సాంచెల కండెలకు నూలు చుట్టే పని తప్పిందని నేనైతే గంతులేశాను. ఆగిన ఆ పనిని బాపు తర్వాత ఎప్పుడు పూర్తి చేసుకున్నాడో నాకు తెలియదు. మాకెప్పుడూ చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నాలుగు రోజులుగా నా మనసు మనసులో లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.

ఇప్పుడు మేం కోరుట్లలో ఉంటున్నాం. పైన మేం... కింద కిరాయికి సరిత. బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల రోజులు కదా, మిషన్‌కు తీరిక లేదు. మా పాపకేమో టెన్త్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఒకరోజు అది పుస్తకం మీద మొహం చిట్లించినట్టు అనిపించింది. నాకు అది చాలు. ధనధనా మెట్లు దిగాను.

"ఏంది సరితా, పొద్దుందాక గీ టకటక! బిడ్డ సదువుకోవద్దా? పరీక్షలయ్యేదాక మిషన్ బంద్ పెట్టు."

"సరే అక్కా" అంది. అంతే. ఇల్లుగలవాళ్లతో వాదన పెట్టుకుంటుందా? కుడుతున్న బ్లౌజును మడిచి పక్కన పెట్టేసింది.

నేను గెలిచినట్టే పైకొచ్చి, టీ పెట్టుకుని తాగాను కూడా.

మర్నాడు గేటు దగ్గర మాటలు మొదలయ్యాయి. "ఇంక కుట్టలేదా? ఎల్లుండే లగ్గమాయె!" అని వచ్చినవాళ్లు. "జర ఆగు వదినె" అని సరిత. ఒకామె విసురుగా తన గుడ్డ వెనక్కి తీసుకుపోయింది. బాల్కనీలోంచి చూశాను... చూసి లోపలికొచ్చాను. కొద్దిరోజులే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాడు మనసు, అప్పుడైనా దిగొచ్చు కదా!

మూడో రోజు కింద మళ్లీ మిషన్ మోగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్ల దాకా పోయి చూస్తే... మా పాప సరిత గడప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది! పైకి పిలిచాను.

"గా చప్పుడుల ఎట్ల సదువుతవే?"

"నాకేం గాదు మమ్మీ. డిస్టర్బ్ అయితుందని నువ్వే అనుకున్నవ్. నన్ను అడిగినవా?"

"మరి సరితకేం చెప్పినవ్?"

తల దించుకుంది. "మా మమ్మీ సారీ చెప్పుమన్నది, మిషన్ నడుపుకోమన్నది అని చెప్పిన."

"నేనెప్పుడన్న?"

"నువ్వే పోయి చెప్తవని రెండు రోజులు చూసిన మమ్మీ..."

సిగ్గుతో చచ్చిపోయాను. దానికి ఊహ తెలిసినప్పటి నుంచి సారీ చెప్పాలి, పంచుకోవాలి, ఎదుటివాళ్ల బాధ చూడాలి అని చెవిలో జోరీగలా చెప్తూనే ఉన్నాను. మా బాపు మాకు అట్లాంటి ముక్క ఒక్కటీ చెప్పలేదు. ఆయన తన పని తాను ఆపుకున్నాడు... నేను పోయి ఇంకొకామె పని ఆపించాను.

నిన్న గేటు దగ్గర సరిత ఎదురైంది. మొహం నిండా నవ్వు. "అక్కా, పాపతోని చెప్పి పంపితివి... మా అమ్మకు గూడ ఫోన్ల చెప్పిన, మా ఓనరక్క మనసు మంచిదని."

"ఆఁ" అని తల ఊపి వచ్చేశాను. ఆ మాట నాది కాదని చెప్పలేకపోయాను. పొద్దుటి నుంచి మూడుసార్లు మెట్లు దిగి, సగంలోనే మూడుసార్లు ఎక్కాను.

అప్పట్లో పెద్దవాళ్లు ఏం చేస్తే అది చూసి మేం నేర్చుకునేవాళ్లం... ఇప్పుడు పిల్లలు మనం చేసింది చూసి, మన తరఫున సారీ చెప్పి వస్తున్నారు. మీ ఇంట్లోనూ ఇట్లా జరిగి ఉంటే కింద కామెంట్లలో రాయండి... అన్నీ కూర్చుని చదువుతాను.

కాదు కాదు... ముందు సరిత దగ్గరికి పోయి నిజం చెప్పొస్తాను.