చివరి ఓవర్ ఎవరిది

ఆ పిల్లాడు తన మొదటి మ్యాచ్‌లోనే మా జట్టును ఓడించాడు. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో దాచుకోకుండా చెప్పేస్తాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఐర్లండ్‌లోని గాల్వేలో మా తెలుగువాళ్లకు ఒక క్రికెట్ జట్టుంది. డాక్టర్లు, మెడికల్ డివైస్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు కలిసి ఆడతారు. ఇక్కడి ఇండియన్ జట్లన్నీ కలిసి వేసవిలో ఒక లీగ్ పెట్టుకున్నాయి. వేసవి అంటే ఇంకేదో అనుకునేరు. స్వెటర్ మీద రెయిన్‌కోటు వేసుకుని, గాలికి కుర్చీ ఎగిరిపోకుండా దాని మీద కూర్చుని కాపలా కాయడమే. నాలుగేళ్లుగా ఆ జట్టు స్కోర్ బుక్ రాసేది నేనే. కంపెనీలో నా ఉద్యోగమూ కాగితాల పనే. తయారైన ప్రతి పెట్టె వెనకా ఉండే రికార్డులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెడతాను. అందుకే బుక్ నా చేతిలో పెట్టి, ఇక దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ జట్టులో చివరి ఓవర్ మా ఆయనది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఆయన ఆసుపత్రిలో రిజిస్ట్రార్, అంటే కన్సల్టెంట్ అనే పెద్ద డాక్టర్ కింద పనిచేసే డాక్టర్. పదకొండేళ్లుగా రిజిస్ట్రారే. ఏడాదికో కాంట్రాక్టు, రెండేళ్లకో ఊరు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లలు కన్సల్టెంట్లయిపోయారు. ఈయన మాత్రం సెలవు పెట్టిన ఎవరో ఒకరి బదులు డ్యూటీ చేస్తూనే ఉన్నారు. ఇంట్లో ఒక్క మాట అనరు. కానీ శనివారం సాయంత్రం, ఆరు బంతులే మిగిలి, ఎదుటివాళ్లకి ఇంకో పది పరుగులు కావలసినప్పుడు, బౌండరీ చుట్టూ "అన్నకియ్యి, అన్నకియ్యి" అని కేకలు లేచేవి. అప్పుడు చూడాలి ఆయన నడక. ఆ ఒక్కచోటే ఆయన ఎవరి బదులూ వచ్చిన మనిషి కాదు. ఆ చప్పట్లలో నాకూ వాటా ఉండేది, అబద్ధమెందుకు. ఎవరి ఫ్లాస్కు మూత తెరిచినా మొదటి టీ నాకే వచ్చేది.

అలాంటప్పుడు వచ్చాడు ఆ పిల్లాడు. నల్గొండవైపు వాడు. యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ, మిగతా వేళల్లో ఒక షాపులో చికెన్ ఫిల్లెట్ రోల్స్ చుట్టేవాడు. ఊళ్లో అంతా టెన్నిస్ బంతితోనే ఆడాడట, లెదర్ బంతి బరువు చేతికి తెలీదు. మా ఆయనకి డ్యూటీ పడిన శనివారం, కెప్టెన్ చివరి ఓవర్ వాడికిచ్చాడు. మూడు వైడ్లు, రెండు ఫుల్‌టాస్‌లు. ఇంకా రెండు బంతులుండగానే మ్యాచ్ అయిపోయింది.

మా బౌండరీ దగ్గర ఒక అంకుల్ కూర్చుంటారు. ముప్పయ్యేళ్ల కిందట ఈ దేశం వచ్చిన జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్. ఆయన తీర్పు ఇచ్చాకే మ్యాచ్ అయిపోయినట్టు లెక్క. "బంతేసినోణ్ణి కాదమ్మా, ఇచ్చినోణ్ణి అనాలి. చివరి ఓవరంటే పిల్లలాటా?" అన్నారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఇకనుంచి అన్న డ్యూటీలు చూసి మ్యాచ్‌లు పెట్టుకుందామని రాశారు. నేను దాన్ని మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. అంతకుముందే, మైదానంలో, పులిహోర డబ్బా ఆ పిల్లాడి చేతిలో పెట్టి "పర్లేదు తమ్ముడూ, నేర్చుకుంటావులే" అని వచ్చాను. ఓడినవాడి మీద జాలిపడటమంత తేలికైన పని ఇంకోటి లేదు. నేర్చుకోడనే నా నమ్మకం.

నేర్పింది ఎవరనుకున్నారు? మా ఆయనే. మా ఇంటి వెనక సందులో, మా బ్రౌన్ బిన్, అదే చెత్తడబ్బా, వికెట్‌గా పెట్టి, వారానికి రెండు సాయంత్రాలు. వేగంగా వచ్చినట్టే వచ్చి బ్యాట్ దగ్గర ఆగిపోయే బంతి ఒకటుంది, మా ఆయన సొంతం. దాన్ని వేలు వేలు పట్టి వాడికి చూపించారు. చూపించాక లోపలికి తీసుకొచ్చి అన్నం పెట్టించారు. పెట్టింది నేను. "అక్కా, జర పప్పు ఎయ్యవా" అని వాడు చనువుగా కంచం చాపేవాడు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో మా డైనింగ్ టేబుల్ దగ్గర చూశాను.

"మీకేమన్నా మతి పోయిందా? మీ పని మీ చేత్తోనే వాడికి అప్పజెబుతున్నారు," అన్నాను ఒకరోజు వాడు వెళ్లాక.

"ఎవరో ఒకళ్లు నేర్పాలి కదే," అన్నారు.

"మీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అందుకే," అని కంచం తీసుకుని వెళ్లిపోయారు. అలాంటి మనిషితో దెబ్బలాడటానికి కూడా ఉండదు.

వాడు ఊరికే నేర్చుకుని ఊరుకోలేదు. ఒకరోజు చూద్దును కదా, నా బట్టల బకెట్లో నీళ్లు పోసుకుని, బంతిని ముంచి ముంచి వేస్తున్నాడు. ఏమిటిదంటే "ఈడ బంతి ఎట్లాగూ తడుస్తది గదక్కా. తడిదాంతోనే అలవాటు జేస్కుంటున్న" అన్నాడు. ఇన్నేళ్లుగా ఈ వానల్లో ఆడుతున్న మా ఆయనకి ఆ ఆలోచన రాలేదు. ఆయన ముచ్చటపడి నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

జులై వచ్చేసరికి వాడి చేతిలో బంతి మాట వినడం మొదలుపెట్టింది. మా ఆయన డ్యూటీలో ఉన్న ఒక శనివారం ఎనిమిది పరుగులు కాపాడాడు. ఇంకోసారి ఆరే. అంకుల్ కుర్చీలోంచి లేచి నిలబడి "నేను మొదటిరోజే అన్నాగా, వీడిలో విషయం ఉందని" అన్నారు. మొదటిరోజు ఆయన ఏమన్నారో నాకు పొల్లు పోకుండా గుర్తుంది. గ్రూపులో వాడి వీడియోలు, వాడికి దండాలు. డ్యూటీలు చూసి మ్యాచ్‌లు పెట్టుకుందామని రాసిన మహానుభావుడే వాడికి ముద్దుపేరు పెట్టాడు. మొదటి టీ వాడికి వెళ్తోంది. మా ఎనిమిదేళ్ల పిల్ల కూడా వాడిలాగే నాలుగడుగులు తడబడి పరుగెత్తడం నేర్చుకుంది. ఏమిటా గెంతులని కసిరితే "హీ ఈజ్ గ్రాండ్, అమ్మా. లీవ్ హిమ్ అలోన్, లైక్" అని ఇక్కడి పిల్లల యాసలో వాడి తరఫున నాతోనే వాదానికి దిగింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. చెవుల మాట ఎవరూ అడగరు. మా ఆయనకి బంతి పదో ఓవర్లో, పన్నెండో ఓవర్లో ఇస్తున్నారు. జనం సమోసాలు తినే సమయమది.

ఆగస్టులో ఒక మ్యాచ్. ఆ రోజు మా ఆయన డ్యూటీలో లేరు, మైదానంలోనే ఉన్నారు. అయినా చివరి ఓవర్ పిల్లాడికే ఇచ్చారు. మూడో బంతి బ్యాట్‌ని తప్పించుకుంది, కీపర్‌నీ తప్పించుకుంది, తిన్నగా బౌండరీకి పోయింది. బ్యాట్‌కీ ఒంటికీ తగలకుండా కీపర్‌ని దాటిపోయిన పరుగుల్ని బైస్ అంటారు. అవి జట్టు ఇచ్చిన పరుగులే గానీ బౌలర్ పేరు మీద వేయకూడదు. బౌలర్ తప్పేమీ లేదు కదా. అంపైర్ అరచెయ్యి పైకెత్తి బైస్ అని సైగ చేశాడు. చూశానన్నట్టు నేనూ చెయ్యెత్తాను. ఆ చేత్తోనే పెన్ను తీసుకుని, ఆ నాలుగు పరుగుల్నీ ఆ పిల్లాడి గడిలో వేశాను.

పొరపాటు కాదు. తెలిసే వేశాను. పక్కన ఎదుటి జట్టు స్కోరర్ ఫోను చూసుకుంటూ "టోటల్ ఎంత?" అనడిగాడు. చెప్పాను, సరిపోయింది. టోటల్ ఎప్పుడూ సరిపోతుంది, అదే అందులోని సుఖం. మ్యాచ్ అయ్యాక పిల్లాడు ఎప్పటిలాగే వచ్చి, తన వరుసని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి చూశాడనిపించింది. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత మళ్లీ అలాంటి బంతే పడింది, మళ్లీ అలాగే రాశాను.

ఫైనల్‌కి వచ్చాం. ముందురోజు సాయంత్రం కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. డబ్లిన్ చెర్రీవుడ్‌లో ఉద్యోగం వదిలి గాల్వేకి మారిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, అంకెలు లేకుండా ఏ పనీ చేయడు. టీ ఇచ్చి నేనూ అక్కడే కూర్చున్నాను.

"చివరి ఓవర్ వాడికియ్యి," అన్నారు మా ఆయన, కెప్టెన్ అడగకముందే. "ఇప్పుడు నాకన్నా వాడే నయం."

"నేనూ అదే అనుకున్నానన్నా. కానీ బుక్ చూస్తే అలా లేదు." కెప్టెన్ నా స్కోర్ బుక్ తిప్పి, రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టాడు. "ఓవర్‌కి ఇచ్చిన పరుగులు వాడికన్నా నీకే పిసరంత తక్కువ. రేపు నేను వాడికిచ్చి ఓడిపోతే, బుక్‌లో ఇలా ఉంటే ఎలా ఇచ్చావని నన్ను తినేస్తారు."

మా ఆయన బుక్ దగ్గరికి లాక్కుని చూశారు. "అవునా?" అన్నారు. ఇంకోసారి చూశారు. "నేను వాడే బాగా వేశాడనుకున్నానే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు పదకొండేళ్లలో నేను చూడలేదు. నోరు తెరిచి నిజం చెప్పాల్సిన సమయం అదే. నేను కప్పులు తీసి సింకులో వేశాను.

ఫైనల్లో డండాక్ నుంచి వచ్చిన జట్టుకి చివరి ఓవర్లో పదకొండు కావాలి. "అన్నకియ్యి" అని ఈసారి ఎవరూ అరవలేదు. కెప్టెన్ బంతిచ్చాడు. వాన తుంపర పడుతోంది, బంతి తడి. మొదటి బంతి ఫోరు. తర్వాత ఒకటి, తర్వాత రెండు. నాలుగు, అయిదు బంతులు ఖాళీ. చివరి బంతికి నాలుగు కావాలి. మా ఆయన తన ఆగిపోయే బంతి వేశారు. తడికి వేళ్లలోంచి జారింది. బ్యాట్‌కి అందలేదు, కీపర్‌కీ అందలేదు. నేను చూస్తుండగానే బౌండరీకి పోయింది. అంపైర్ అరచెయ్యి పైకెత్తాడు.

"అన్నకి అయిపోయింది. మోకాళ్లు చూడండి, వంగట్లేదు," అన్నారు అంకుల్ నేను వింటున్నానని కూడా చూసుకోకుండా. వెనకాల ఎవరో "పిల్లాడికిచ్చుంటే కప్పు మనదే" అన్నారు. ఇంకెవరో "ఇచ్చినోణ్ణి అనాలి" అన్నారు. మే నెలలో, వాడి మొదటి మ్యాచ్ రోజు, నేను విని సంబరపడిన మాటల్లాంటివే. మా ఆయన మైదానం మధ్యలో నిలబడి స్వెటర్‌తో బంతి తుడుస్తున్నారు. మ్యాచ్ అయిపోయాక బంతి ఎందుకు తుడవడం?

అప్పుడు ఆ పిల్లాడు నా బల్ల దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆఖరి నాలుగు బైస్. అన్న పేరు మీద రాయకు."

"తెలుసు నాకు," అన్నాను.

"నీకు తెల్సని నాకెరికే. నా పేరు మీద రాసినవ్ గదా, రెండుసార్లు." గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"మరి కెప్టెన్‌కెందుకు చెప్పలేదు?"

"చెప్తే అన్నకు తెలుస్తది గదక్కా," అని లేచి, వికెట్లు పీకడానికి వెళ్లిపోయాడు.

ఆ నాలుగూ బైస్‌లోనే రాశాను. రాస్తున్నంతసేపూ సిగ్గు కంటే ముందు నాకు వచ్చింది అసూయే. మా ఆయన పరువు నాకన్నా వాడే బాగా కాపాడుతున్నాడు. నా మొగుడి దగ్గర దాచాల్సిన విషయం ఒకటి వాడి దయ మీద ఉంది. వాడు రేపు మళ్లీ నా కిచెన్‌లో కూర్చుని పప్పు అడుగుతాడు, నేను వడ్డించాలి, వాడు ఏమీ అనడు. అది నేను భరించలేననుకున్నాను.

కార్లో పిల్ల వెనక సీట్లో నిద్రపోయింది. సముద్రం పక్క రోడ్డు మీద ట్రాఫిక్ మెల్లగా కదులుతోంది.

"నా ఓవర్‌కి ఎన్ని?" అన్నారు మా ఆయన.

"ఏడు. చివరి నాలుగూ బైస్."

"అంటే మరీ అంత చెత్తగా వేయలేదు," అన్నారు. కొంచెం నవ్వారు కూడా. "ఎవరేమన్నా, బుక్ చూసే కదా ఇచ్చారు నాకు."

అప్పుడు చెప్పేశాను. మంచితనంతో కాదు, ఆ పిల్లాడి కన్నా ముందు నేను చెప్పాలని. వాడి పేరు మీద రెండుసార్లు నాలుగేసి ఎక్కువ రాశానని, తెలిసే రాశానని, వాడికీ తెలుసని. ఆయన స్టీరింగ్ మీద చేతులు అలాగే పెట్టుకుని విన్నారు. ముందు కారు కదిలింది, ఈయన కదపలేదు. వెనకవాడు హారన్ కొట్టాక గేరు వేశారు.

"అయితే ఆ ఓవర్ కూడా నాది కాదన్నమాట," అన్నారు.