పండగ ముందురోజు గెడ్డ నీళ్ళు

మా కాలనీ వెనక గెడ్డ ఉంది. బయటి ఊళ్ళవాళ్ళు చూస్తే మురుగుకాలువ అంటారు. కొండ మీద వాన నీళ్ళతో మొదలై, ఆటోనగర్ షెడ్ల వెనక నుంచి మా ఇళ్ళ వెనక్కి వచ్చి, కల్వర్టు కింద దూరి సముద్రం వైపు పోతుంది. గట్టి వాన పడితే ఆ నీళ్ళు మా గుమ్మాల దాకా వస్తాయి. మా పాపకి పసితనంలో ఆయాసం ఉండేది. ఇప్పుడు లేదని డాక్టరు చెప్పారు. అయినా గెడ్డ వైపు కిటికీ నేను తెరవను.

అందుకే పాప ఏడో తరగతిలో గెడ్డ ప్రాజెక్టు అని వచ్చి చెప్పినప్పుడు నాకు ముందు భయమే వేసింది. వాళ్ళ సైన్సు మేడమ్ పిల్లల్ని గ్రూపులు చేసి గెడ్డని ముక్కలుగా పంచారట. ఒక్కో గ్రూపు తన ముక్క పక్కన బతికేవాళ్ళని కలవాలి, వాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని తిరగాలి, నీళ్ళు సీసాలో పట్టి తేవాలి. చివరికి అందరినీ బడికి పిలిచి, తెలుసుకున్నది వాళ్ళ ముందు చెప్పి, ఏం చేయవచ్చో వాళ్ళతోనే కూర్చుని మాట్లాడాలి. మా చదువులో ఇలాంటివి లేవు. నేను బీయస్సీ మూడేళ్ళూ నీటి పరీక్షలు లాబులో పంపు నీళ్ళతోనే చేశాను.

"మాకు షెడ్ల ముక్క వచ్చింది. నాన్న అక్కడే పని చేస్తారని మేడమ్‌కి చెప్పీసాను. మా గ్రూపుకి నాన్నే గైడు," అంది పాప.

మావారు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీలు చెక్కే మేస్త్రీ. అన్నం కలుపుతున్నవారు ఆగి నవ్వారు. "నాను గైడేటమ్మా? టూరిస్టు బస్సు కూడా తెమ్మన్నారేటి మీ మేడమ్?"

నవ్వారు గానీ ఆయన ముఖంలో సంతోషం దాగలేదు. బడివాళ్ళు ఆయన పని చేసే చోటుకి వస్తామనడం అదే మొదలు.

మిషన్లు తిరుగుతున్నప్పుడు మాత్రం పిల్లల్ని తీసుకెళ్ళొద్దని నేను పట్టుబట్టాను. ఇనుప రజను కంట్లో పడుతుంది, చున్నీ చుట్టుకుంటుంది, ఏదో ఒకటి అవుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆయుధపూజ ముందురోజు రమ్మను. ఆవేళ మిషన్లన్నీ ఆపీసి కడుగుతాం. సెలవులు కూడాను," అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది.

ఆ రోజు నేను కూడా వెళ్ళాను. వెళ్ళకుండా ఇంట్లో కూర్చోగలిగే మనిషిని కాను. వీధంతా కడుగుడే. ప్రతి షెడ్డులోనూ మిషన్లకి డీజిల్ పోసి బ్రష్షులతో రుద్దుతున్నారు. పైన రంపపు పొట్టు చల్లి, సర్ఫు కలిపిన నీళ్ళు బకెట్లతో కొడుతున్నారు. ఏడాది పొడుగునా పట్టిన జిడ్డు గచ్చు మీద నుంచి వెనక కాలువలోకి, అక్కణ్ణించి గెడ్డలోకి పోతోంది. తెల్లారితే బంతిపూల దండలు, కుంకుమ, గుమ్మడికాయ. మిషన్లు పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి.

షెడ్డు ఓనరు పిల్లలకి కూల్‌డ్రింకులు తెప్పించాడు. మావారికీ ఆయనకీ చుట్టరికం లేదు, అయినా ఎప్పుడూ బావా అనే పిలుస్తాడు. "బావా, నీ కూతురు మా షెడ్డుకి ఇంజనీరుగా వచ్చీలాగుంది. అప్పుడు నువ్వు లేచి నిలబడాల," అని పాప తల నిమిరాడు.

షెడ్డు వెనక నీళ్ళు పట్టేటప్పుడు పాప చేయి గట్టిగా పట్టుకుని నిలబడింది మావారే. "అక్కడ కాదమ్మా, ఇటు ముంచు. ఇక్కడ బాగా పారతన్నాది," అని చోటు చూపించిందీ ఆయనే.

సీసాలో నీళ్ళు నల్లగా, పైన రంగురంగుల నూనె తెట్టుతో ఉన్నాయి. వంటింట్లో పెడితే నేను ఒప్పుకోలేదు. వరండాలో పెట్టించాను.

సెలవులు అయ్యాక పిల్లలు చార్టు తయారు చేశారు. కొండ దగ్గరి సీసా, కల్వర్టు దగ్గరి సీసా, మధ్యలో మా పాప సీసా. దాని పక్కన వాళ్ళు అక్కడ నిలబడి దిగిన ఫొటో, ఫొటోలో వెనక షెడ్డు బోర్డు. ఎవరో తల్లి ఆ చార్టు చూసి మురిసిపోయి, ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి ఓనరు దగ్గర్నించి ఫోను. మావారి చేతులు తడిగా ఉండడంతో స్పీకరు నొక్కింది నేనే.

"బావా, కూల్‌డ్రింకులిచ్చి పంపితే మన బోర్డే ఎట్టీసినారేటి? అది పండగ కడుగుడు నీళ్ళని ఎవుడికి తెలుద్ది? రేపు పొల్యూషనోళ్ళొచ్చి తాళమేసీస్తే నువ్వూ నానూ కలిసి పకోడీల బండి ఎట్టుకుందావా?"

మావారు నవ్వబోయారు. అవతల నవ్వు లేదు.

"బడి మీటింగు లోపు ఆ సీసా తీయించీ. లేపోతే సోమారం నుంచి ఇంటికాడుండి నీ కూతురికి ప్రాజెక్టులు సేయించుకో."

ఆ రాత్రి అన్నాలకి కూర్చున్నాం. ఈ వయసులో ఆయన ఇంకో షెడ్డు వెతుక్కోవడం, ఓనర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే కావడం, ఇవే తిరుగుతున్నాయి నా తలలో. "మార్కులు పోతే పోయాయి, సీసా తీసేయమ్మా," అన్నాను.

"కల్వర్టు దగ్గర ఇడ్లీలమ్మే మామ్మకి చెప్పానమ్మా. పై నుంచి ఏం నీళ్ళు వస్తాయో చూపిస్తానని," అంది పాప.

మావారు కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పారు. "అది ఏడాదికోసారి కడుగుడు తల్లీ. పండక్కి మీయమ్మ ఇల్లంతా బయటేసి దులిపినప్పుడు ఫొటో తీసి, ఈళ్ళిల్లు రోజూ ఇలాగే ఉంటాదని గోడకి అంటిస్తే ఊరుకుంటాదా?"

పాప చాలాసేపు కంచంలో గీతలు గీసింది. అది న్యాయమైన మాటే అని దానికి తెలిసింది. తర్వాత తలెత్తి, "అయితే రోజూ ఎలాగుంటాదో అదీ సీసాలో పడదాం నాన్నా. మేడమ్‌ని అడుగుతాను," అంది.

ఆయన నా వైపు చూశారు. ఆ మాట ఆయనకి తట్టలేదు. కాదనడానికి కారణమూ కనపడలేదు.

మేడమ్ వెంటనే ఒప్పుకున్నారు. పండగ ముందురోజు నీళ్ళు పట్టడం పొరపాటేనని, తాను అడిగి తెలుసుకోవలసిందని అన్నారట. బోర్డు కనపడే ఫొటో కూడా తీసేయించారు. మామూలు పనిరోజున సాయంత్రం మిషన్లు ఆగాక మావారే పాపని వెనక కాలువ దగ్గరికి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చి ఆయన చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చున్నారు. పాప చేతిలో సీసా ఉంది. నీళ్ళు నల్లగా లేవు. పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. అడుగున సన్నటి ఇనుప రజను.

"ఇదేమిటండీ?"

"కూలెంటు. ఇనుము సెక్కినప్పుడు ఏడెక్కకుండా పోస్తాం కదా, ఆ నూనె నీళ్ళు." సీసా అందుకుని చూస్తూ అన్నారు, "నాను మిషను ముందుంటాను. మిషన్లు తిరిగిన రోజు ఎనక్కెల్లి ఎప్పుడూ సూడలేదు."

పారబోయమంటారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే అలా అంటే బాగుండునని అనుకున్నాను. ఆయన లేచి చెప్పులు విప్పారు. "రెండూ ఎట్టమ్మా. ఇది పండగ ముందురోజుది, ఇది మామూలు రోజుది అని రాయి," అన్నారు.

మీటింగు బడి ఆవరణలో జరిగింది. ఓనరు కూడా వచ్చాడు, ముందు వరసలో కూర్చున్నాడు. పాప మాట్లాడుతున్నంతసేపూ నేను ఆయన వీపే చూస్తూ ఉన్నాను. ఇడ్లీ మామ్మ తిన్నగా బల్ల దగ్గరికి పోయి తెల్ల సీసా ఎత్తి చూసింది.

"ఇదేటి, మజ్జిగేటి?"

అందరూ నవ్వారు.

"మీరు నవ్వండి. నాను గిన్నెలు కడుక్కునీది ఆ గెడ్డ పక్కనే," అంది మామ్మ. నవ్వు ఆగిపోయింది.

ఓనరు లేచాడు. ఆయన గట్టిగా అరుస్తాడనుకున్నాను. మా వరసలో అన్ని షెడ్లూ ఇంతే, మాదొక్కటే కాదు అని మొదలుపెట్టి, చివరికి తన షెడ్డులో ఒక డ్రమ్ము పెట్టిస్తాననీ, నూనె నీళ్ళన్నీ అందులోనే పోయిస్తాననీ అందరి ముందూ అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెళ్ళబోతూ మావారి దగ్గర ఆగి, "మేస్త్రీ గారూ, సోమవారం పనిలోకి రండి," అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. దారిలో ఆ మాటే చెబుతుంటే ఆయన వినలేదు. "నన్ను గారూ అన్నాడు," అన్నారు.

"మర్యాదగానే అన్నాడు కదండీ."

"నీకు తెల్దులే."

ఇప్పుడు తెలుస్తోంది. బావా అనే పిలుపు మళ్ళీ రాలేదు. ఆదివారం పని పడితే మునుపు ముందు ఈయనకే ఫోను వచ్చేది, ఈమధ్య వేరే మేస్త్రీని పిలుస్తున్నారు. ఉద్యోగం ఉంది. ఎన్నాళ్ళుంటుందో అని ఫోను మోగినప్పుడల్లా ఆయన ముఖం చూస్తాను.

డ్రమ్ము మాత్రం నిజంగానే పెట్టారు. అది తొందరగా నిండిపోతోందని, షెడ్డులో ఎవరూ చేతులు కడగకూడదని ఓనరు కొత్తగా చెప్పాడట. అందుకని మావారు మోచేతుల దాకా జిడ్డుతో ఇంటికి వస్తున్నారు. కవరులో కొంచెం రంపపు పొట్టు తెచ్చుకుని, సర్ఫు కలిపి, పెరటి పంపు దగ్గర కూర్చుని రుద్దుకుంటారు. ఆ నీళ్ళు మా తూములోంచి వెనక గెడ్డలోకే పోతాయి. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

నిన్న సాయంత్రం పాప ఖాళీ సీసా ఒకటి తెచ్చి తూము పక్కన పెట్టింది. ఆయన రుద్దుకోవడం ఆపి సీసా వైపు చూశారు.

"దీని మీదేటి రాస్తావమ్మా? మా ఇల్లు అని రాస్తావా?"

"మామూలు రోజు అని రాస్తాను నాన్నా," అంది పాప.

ఆయన నీళ్ళు సీసాలో పడేలా చేతులు కొంచెం పక్కకి జరిపారు. వాళ్ళిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. సీసా వరండాలో ఉంది. రేపు దాన్ని బడికి తీసుకెళ్ళనివ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.