కొలంబో మూటలో పసుపు కొమ్ము

2022 వేసవి. ముత్తుకూరులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర ఎగుమతి పేపర్లు చూడడం నా పని. దేశం దాటే సరుకు వెంట బోలెడు కాగితాలు పోవాలి. వాటిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా సరుకు ఆగిపోతుంది, ఓడ మాత్రం మనకోసం ఆగదు. కోవూరు నుంచి రోజూ బండి మీద వచ్చి, నా ఫైళ్ల మీద ఈగ వాలనివ్వకుండా అప్పటికే ఇరవై ఏళ్లు గడిపాను. గోడౌన్‌లో నన్ను చాటుగా ‘రూళ్లకర్ర’ అంటారని తెలుసు. పైకి కసురుకున్నా, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ఏడు శ్రీలంకలో బియ్యానికి కటకట వచ్చింది. కొడవలూరు వైపు మిల్లుల నుంచి మా గోడౌన్‌కు వచ్చిన మూటల్ని కంటైనర్లలో సర్ది పంపేవాళ్లం. దాన్ని స్టఫింగ్ అంటాం. ఒకప్పుడు ఆ కంటైనర్లు పక్కనే కృష్ణపట్నంలో ఓడ ఎక్కేవి. అక్కడికి కంటైనరు ఓడలు రావడం తగ్గాక లారీల మీద హైవే పట్టి చెన్నై వైపు పోతున్నాయి. కూతవేటు దూరంలో మన రేవును పెట్టుకుని ఇంకో రేవుకు సరుకును సాగనంపడం నాకు మనసొప్పేది కాదు. లారీ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చూసేవాణ్ణి.

స్టఫింగ్‌కు ముందు ప్రభుత్వ ఆఫీసరు ఒకరు వచ్చి సరుకు పరీక్ష చేస్తారు. అంతా సరిగా ఉంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇస్తారు. ఈ సరుకులో పురుగు లేదు, మట్టి లేదు, పచ్చి మొక్కా దుంపా లేవని మన దేశం పొరుగు దేశానికి రాసిచ్చే పూచీ అది. అది లేకుండా గింజ కదలదు.

ఆ రోజు వచ్చిన ఆఫీసరు చెన్నైలో చాలాకాలం పనిచేసిన మనిషి. మూటల వరుస పక్కన నడుస్తూ ఒకచోట ఆగారు. మిగతావన్నీ మిషను కుట్టు, అదొక్కటి పురికొసతో చేతికుట్టు. చిరిగిన మూటలకు అలా కుట్టు వేయడం మామూలే. కానీ దీనికి చివర రెండు ముళ్లు ఉన్నాయి.

“ఇది విప్పండి,” అన్నారు.

విప్పితే బియ్యం పైన చిన్న గుడ్డ మూట. అందులో మట్టి కూడా పూర్తిగా వదలని పచ్చి పసుపు కొమ్ము, అరవంలో రాసిన చీటీ.

ఆ రోజుల్లో శ్రీలంక పసుపు దిగుమతిని ఆపేసింది. తమిళనాడు తీరం నుంచి పడవల్లో దొంగతనంగా పసుపు తోలుతున్నారని పేపర్లో చదువుతూనే ఉన్నాం. మర్నాడు పొద్దునే కటాఫ్, అంటే ఆ గంట దాటితే రేవు గేటు మా కంటైనరును లోపలికి రానివ్వదు.

చేతికుట్టు వేసేది ఒక్క సెల్వమ్మే. అరవై ఏళ్ల మనిషి, రోజంతా దబ్బనం పట్టుకుని ఓ మూల కూర్చుని ఉంటుంది. పిలిపించాను. ఆ పని పోతే ఆమెకు ఇంకో ఆధారం లేదని తెలిసి కూడా నోరు పారేసుకున్నాను.

“బుద్ధుందా అక్కా నీకు? ఇరవై ఏళ్లుగా మాట పడలేదు నేను. ఎన్ని మూటల్లో పెట్టినావు?”

“ఈ లోడులో ఇదొకటే సార్. ఇంతకుముందు మూడు లోడుల్లో ఒక్కోటి పెట్టినా.”

“ఒకటేనని నమ్మేదెట్లా?”

“అక్క ఒకతే గదా సార్ నాకు,” అంది.

ఆఫీసరు చీటీ చదివారు. ‘పుష్పం’ అనే పేరు, దాని కింద ఒక తేయాకు తోట పేరు. “ఎవరమ్మా ఈమె?” అని అడిగారు.

సెల్వమ్మ పుట్టింది శ్రీలంక కొండల మీది ఆ తోటలోనే. రెండు దేశాల ఒప్పందంతో తాతల కాలంలో అరవదేశం నుంచి పోయిన తోట కూలీలను తిరిగి ఇండియాకు పంపేసినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. నూలు మిల్లులో పనిస్తామని వీళ్ల కుటుంబాన్ని తెచ్చి నెల్లూరు వైపు దించారు. అక్క పుష్పానికి అప్పటికే పెళ్లయింది, భర్త కుటుంబానికి అక్కడి పౌరసత్వం వచ్చింది. ఆమె అక్కడే ఉండిపోయింది. తల్లి ఉన్నంతకాలం ఉత్తరాలు నడిచాయి, తర్వాత అవీ లేవు.

“అయితే మూటలో పసుపెందుకు పెట్టినావు?” అన్నాను. అప్పటికి నా గొంతు కొంచెం దిగింది.

“పెండ్లయిన బిడ్డకి పుట్టింటి నించి బియ్యం, పసుపు పోవాల గదా సార్. అమ్మా నాయనా పోయినాక పుట్టిల్లంటే నేనే. బియ్యం మీరు పంపతా ఉండారు. పసుపొకటి నేను పెట్టినా.”

నేను చర్చికి పోయే ఇంటివాణ్ణి, పసుపు కుంకుమల పట్టింపు మాకు లేదు. అయినా మా అక్క అత్తగారింటికి బయల్దేరినప్పుడల్లా అమ్మ బియ్యం మూట కట్టివ్వడం నాకు తెలుసు. ఆ మూట బస్సు దాకా మోసినవాణ్ణి నేనే.

ఆఫీసరు చీటీ మడిచి నా చేతికిచ్చారు. తర్వాత, “చేతికుట్టు మూటలన్నీ విప్పించండి. మళ్లీ నమూనాలు తీస్తాను,” అన్నారు. మొత్తం పదకొండు మూటలు. తన కుట్లు తనే కోసి, పరీక్ష అయ్యాక మళ్లీ తనే కుట్టింది సెల్వమ్మ. ఎందులోనూ ఇంకేమీ దొరకలేదు. ఆ ఒక్క మూటను పక్కన పెట్టించి మిగతా సరుకుకు సర్టిఫికెట్ రాసిచ్చారు. పోతూ పోతూ కొమ్మును ఆమె చేతిలో పెట్టి, “ఇది సముద్రం దాటకూడదమ్మా,” అన్నారు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

యజమాని ఆమెను మాన్పించమన్నారు. ఇక ఇలా జరిగితే నన్నే మాన్పించండని రాసిచ్చాను. నా ఉద్యోగంలో పేపరు లేకుండా మనిషిని నమ్మడం అదే మొదలు.

చీటీ నా జేబులోనే ఉండిపోయింది. నాలుగు రోజులు దాన్ని చూస్తూ తిరిగాను. కొలంబోలో మా సరుకు విడిపించే రిజ్వాన్ గారితో ఏళ్ల తరబడి పరిచయం, మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆయనకు చీటీ ఫోటో పంపి సంగతంతా రాశాను.

చేతికుట్టు మూటల్ని అక్కడి టోకు వ్యాపారి అలాగే అమ్మడు, కొట్లోనే విప్పి చిల్లరగా కొలుస్తాడట. రిజ్వాన్ గారు వెళ్లి అడిగితే, ఆ వ్యాపారి బల్ల సొరుగులోంచి రెండు ఎండిన కొమ్ములు తీసి చూపించాడు. చీటీలో ఎవరో ఆడమనిషి పేరు ఉందని పారేయడానికి చేతులు రాలేదట. మూడోది ఎక్కడ పోయిందో తెలియదు. కొండల మీదికి బియ్యం తోలే లారీలో ఆ రెండూ తోటకు చేరాయి.

నెల తిరక్కుండా రిజ్వాన్ గారి ఫోటో వచ్చింది. రేకుల ఇంటి గోడకు దండ వేసిన పటం, దాని మేకుకు గుడ్డలో కట్టిన రెండు కొమ్ములు. పుష్పం చనిపోయి ఆరేళ్లయింది. సెల్వమ్మ మొదటి కొమ్ము పెట్టేనాటికే ఆమె లేదు. కట్టింది ఆమె కూతురు.

ఈ కబురు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు సెల్వమ్మకు కనపడకుండా తప్పించుకున్నాను. చివరికి మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆమె పక్కన కూర్చుని, చెప్పి, ఫోన్ చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. పటంలోని మొహాన్ని వేలితో తడిమింది. తర్వాత పక్కనున్న కొమ్ముల మీద ఆగింది వేలు.

“చేరినాయి గదా సార్,” అంది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆ కొమ్ము పోకూడదనే ఇప్పటికీ చెప్తాను. రూలు రూలే. కానీ షిప్పింగ్ బిల్లులో, సరుకు అందుకునేవాళ్ల పేరు రాసే గడిలో, ఇరవై ఏళ్లుగా కంపెనీల పేర్లే కొడుతూ వచ్చాను. ఆ గడికి అవతల కుండలో బియ్యం పోసుకునే చేతులున్నాయని నాకు తెలియజెప్పింది మూడో తరగతి దాకా చదివిన సెల్వమ్మ. అప్పటినుంచి పోస్టులో పంపగలిగేవి ఏమైనా ఉంటే సెల్వమ్మను ముందే అడిగి, ఆ పేపర్లు నేనే రాసిపెడుతున్నాను. అక్క కూతురికి మొన్న ఒక రవికగుడ్డ వెళ్లింది.

కొలంబో లోడు ఉన్న రోజు సెల్వమ్మ ఆఖరి మూట కుట్టి, దబ్బనం పక్కన పెట్టి, నన్ను పిలుస్తుంది. రెండు అరచేతులూ తెరిచి చూపిస్తుంది.

“ఏం లేదు సార్. చూసుకోండి.”

నా పని ప్రకారం చూడాల్సిందే. కానీ ఆ ఖాళీ చేతుల వైపు చూడడం నాకింకా అలవాటు కాలేదు.