వినడానికి కూర్చున్న గాయని

మా ఆయన ఉద్యోగం వల్ల వచ్చిన హెచ్‌ఫోర్ వీసా మీద నేను షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉన్న రోజులవి. ఒక మధ్యాహ్నం షికాగో వెళ్లే రైల్లో, తలకు పసుపుపచ్చ గుడ్డ చుట్టుకున్న ఆఫ్రికన్ పెద్దావిడ ఒకరు నా పక్కన కూర్చున్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూనిరాగం తీస్తున్నాను.

"నువ్వు సింగర్‌వా?" అని అడిగారు.

"కాదండీ, ఊరికే," అన్నాను. చిన్నప్పటి నుంచీ సంగీతం నేర్చుకున్నానని చెప్పలేదు. పెళ్లయ్యాక మానేశాను. ఎవరూ మానమనలేదు.

ఆవిడ తన సంగతి చెప్పారు. వాళ్ల దేశంలో మగవాళ్ల బ్యాండు ముందు నిలబడి పాడిన మొదటి ఆడమనిషి ఆవిడేనట. మొదటి రోజే జనంలోంచి ఎవరో చెప్పు విసిరారట.

"మరి మీరేం చేశారు?"

"రెండోది కూడా వెయ్యి, ఇంటికి వేసుకెళ్తానన్నాను. మళ్లీ పాట అందుకున్నాను," అని నవ్వారు. "సరే, ఇప్పుడు నువ్వు పాడు."

చేతులు ఒళ్లో పెట్టుకుని, పూర్తిగా నా వైపు తిరిగి కూర్చున్నారు. ఎదుటి సీట్లో ల్యాప్‌టాప్ చూసుకుంటున్న ఒకాయన తలెత్తాడు. అంతే, నేను మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాను. మొహం వేడెక్కింది.

"నాకు రాదండీ," అన్నాను.

ఆవిడ నమ్మలేదు, బలవంతపెట్టనూ లేదు. తన స్టేషన్ వచ్చేదాకా, కచేరీ మొదలవుతుందని కూర్చున్న మనిషిలా ఓపిగ్గా నా వైపే చూస్తూ ఉన్నారు. దిగేటప్పుడు నా భుజం తట్టి వెళ్లారు.

షికాగోలో అందరూ దిగేదాకా కూర్చుని, ఖాళీ పెట్టెలో పల్లవి ఎత్తుకున్నాను. అప్పుడు కూడా గొంతు పెంచలేకపోయాను.